బండి వచ్చింది సరే, తోక చూశారా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన పిల్లలకు ఒక అలవాటు ఉంటుంది. బండి వస్తుంటే అందరూ ఇంజిన్ వైపు చూస్తారు. మేము చివరి పెట్టె కోసం చూస్తాం. ఆ పెట్టె వెనక ‘ఎల్‌వీ’ అనే రెండు అక్షరాల పలక వేలాడుతుంది. లాస్ట్ వెహికల్, అంటే ఇదే ఆఖరి పెట్టె అని అర్థం. ఆ పలక కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు, దారిలో ఎక్కడా పెట్టెలు తెగి ఉండిపోలేదన్నట్టు లెక్క. అది చూసుకున్నాకే వెనక బండికి దారి ఇవ్వడం రైల్వేలో పాత కట్టుబాటు.

మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. నాన్న నింపురా యార్డులో పనిచేశారు. చిన్నప్పుడు నేను “బండొచ్చేసింది నాన్నా!” అని అరిస్తే ఆయన తలెత్తకుండానే అడిగేవారు: “బండి వచ్చింది సరేనమ్మా, తోక చూశావా?”

పెద్దయ్యాక జీవశాస్త్ర ప్రయోగశాలలో చేరాను. అక్కడ ఆ ప్రశ్న అడగాల్సిన రోజున అడగలేదు. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించింది నేను కాదు, నన్ను నమ్మిన ఓ విద్యార్థిని. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నా వాదన చెప్పేస్తాను. ప్రజల డబ్బుతో కొనే ప్రతి పరిశోధక యాంటీబాడీనీ వాడే ముందు పరీక్షించాలి. ఆ ఫలితం మంచిదైనా చెడ్డదైనా అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇది వినడానికి చిన్న మాటే. కానీ మన పరిశోధనల నమ్మకం చాలావరకు ఈ చిన్న మాట మీదే ఆధారపడి ఉంది. ఎందుకో ఒక్క ఉదాహరణతో చూద్దాం.

కణం నోరు తెరిచే చోట

మన ఒంట్లోని ప్రతి కణం చుట్టూ పల్చని పొర ఉంటుంది. ఇనుము, కొలెస్టరాల్ లాంటి సరుకులు లోపలికి చేరడానికి ఆ పొరలో ఒకచోట చిన్న గుంట పడుతుంది. సరుకు అందులో చేరుతుంది. గుంట లోతై, మూతి బిగుసుకుని, చిన్న సంచిలా తెగి లోపలికి పోతుంది. దీన్నే ఎండోసైటోసిస్ అంటారు. ఆ సంచిని లోపలి వైపు నుంచి పంజరంలా పట్టి ఉంచే ప్రొటీన్‌కు 1976లో బార్బరా పియర్స్ ‘క్లాథ్రిన్’ అని పేరు పెట్టారు. చెడు కొలెస్టరాల్ కణాల్లోకి ఈ దారినే వెళుతుందని తేల్చినవారు మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. కొలెస్టరాల్ మీద చేసిన పరిశోధనలకు వాళ్ళకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

సరుకుకూ క్లాథ్రిన్‌కూ మధ్య ఒక మధ్యవర్తి ఉంటుంది. దాని పేరు ఏపీ2. అది నాలుగు ప్రొటీన్ల జట్టు. అందులో ‘మ్యూ2’ అనే ప్రొటీన్‌లో 156వ స్థానంలో ఉన్న త్రియోనిన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలితే, సరుకును పట్టుకునే శక్తి పెరుగుతుంది. ఆ ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైమ్‌ను 2002లో షాన్ కానర్, సాండ్రా ష్మిడ్ గుర్తించి ఏఏకే1 అని పేరు పెట్టారు. ఇలా ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములను కైనేజులు అంటారు. మన కణాల్లో ఇవి 500కు పైగా ఉన్నాయి. ఫాస్ఫేట్ తగలడం, ఊడడం ద్వారా ప్రొటీన్ల పని మారుతుందని 1950లలో కనుగొన్న ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్‌లకు 1992లో నోబెల్ దక్కింది. ఏఏకే1 ఇతర ప్రొటీన్లకే కాకుండా తనకు తాను కూడా ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది.

ఇంత లోతుకు వెళ్ళడం దేనికని అడగవచ్చు. కణం తలుపు దగ్గర ఉండే ఈ ఎంజైమ్ మీద వైద్యరంగం కన్ను పడింది. హెపటైటిస్ సీ, డెంగీ లాంటి వైరస్‌లు కణంలోకి దూరడానికి ఇదే దారిని వాడుకుంటాయి. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏఏకే1 జన్యువు లేని ఎలుకల్లో నరం దెబ్బతిన్నాక వచ్చే దీర్ఘకాలిక నొప్పి లక్షణాలు కనిపించలేదు. మామూలు నొప్పి మాత్రం వాటికి తెలుస్తూనే ఉంది. మధుమేహంతో కాళ్ళు మంటలెత్తి నిద్రపట్టని వారి కోసం ఏఏకే1ను అడ్డుకునే మందులు మనుషుల మీద పరీక్షల దాకా వచ్చాయి.

కోవిడ్ కాలంలో ఈ ఎంజైమ్ కథ హైదరాబాద్ దాకా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో కొందరు పరిశోధకులు కృత్రిమ మేధ సాయంతో పాత మందులను జల్లెడ పట్టారు. కీళ్ళవాతానికి వాడే బారిసిటినిబ్ అనే మందు ఏఏకే1ను అడ్డుకుని కరోనా వైరస్ ప్రవేశాన్ని ఆపవచ్చని లాన్సెట్ పత్రికలో సూచించారు. 2021 మే నెలలో, రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, మన దేశంలో దీని అత్యవసర వినియోగానికి అనుమతి వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్‌ఎన్ సంస్థలకు తయారీ లైసెన్సులు దక్కాయి. 8 వేలకు పైగా రోగులతో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఆసుపత్రిలో చేరినవారిలో మరణాలు సుమారు 13 శాతం తగ్గాయి.

అంటే మందు పనిచేసింది. మరి ఏఏకే1ను అడ్డుకోవడం వల్లే పనిచేసిందా? ఎక్కువమంది నిపుణులు ఆ మేలును, వాపును రేపే వేరే కైనేజులను అది శాంతింపజేయడానికి ఆపాదిస్తారు. ఏఏకే1 వాటా ఎంత అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే మందు వేసిన కణంలో ఏఏకే1 మీదా, అది ముద్ర వేసే మ్యూ2 మీదా ఫాస్ఫేట్ ఉందో లేదో చూడాలి. అలా చూసే కళ్ళే యాంటీబాడీలు.

సుద్దముక్క గీతను పట్టుకునే కన్ను

ఏఏకే1 బరువు సుమారు లక్ష డాల్టన్లు. ఒక ఫాస్ఫేట్ తగిలితే పెరిగే బరువు దాదాపు 80 డాల్టన్లు. వెయ్యిలో ఒక వంతు కూడా కాదు. గూడ్సు వ్యాగన్ మీద సుద్దముక్కతో గీసిన గీత లాంటిదన్నమాట. యార్డులో వందల వ్యాగన్ల మధ్య ఏ ఒక్కదాని మీద ఆ గీత ఉందో చెప్పగల కన్ను మనకు కావాలి.

దాన్ని తయారుచేసే విధానం ఇది. ప్రొటీన్‌లో ఫాస్ఫేట్ తగిలే చోటు చుట్టూ ఉన్న పది, పదిహేను అమైనో ఆమ్లాల ముక్కను ఫాస్ఫేట్‌తో సహా కృత్రిమంగా తయారుచేస్తారు. దాన్ని ఒక పెద్ద ప్రొటీన్‌కు అతికించి కుందేలుకు ఎక్కిస్తారు. కుందేలు రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటిలో ఫాస్ఫేట్ ఉన్న ముక్కకు అంటుకునేవాటిని ఏరుతారు. ఫాస్ఫేట్ లేని ముక్కకు కూడా అంటుకునేవాటిని వదిలించుకుంటారు. మిగిలినది చిన్న గొట్టంలో, ‘ఫాస్ఫో ఫలానా’ అనే పేరుతో మన ఫ్రీజర్‌కు చేరుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. కుందేలు చూసింది పది, పదిహేను అమైనో ఆమ్లాల ముక్కను మాత్రమే. కణంలో వేలాది ప్రొటీన్లు ఉంటాయి, వాటిలో చాలావాటి మీద ఫాస్ఫేట్‌లు ఉంటాయి. ఎక్కడో ఒకచోట అలాంటి ముక్కే తారసపడవచ్చు. ఏఏకే1కు బైక్, గ్యాక్ అనే దగ్గరి బంధువులు కూడా ఉన్నారు. కైనేజ్ భాగంలో ఏఏకే1కూ బైక్‌కూ పోలిక చాలా ఎక్కువ. మేనత్త కొడుకును చూసి సొంత అన్న అనుకున్నట్టు యాంటీబాడీ కూడా పొరబడవచ్చు. పైగా కుందేలు నుంచి తీసిన రక్తరసం అయిపోతే ఆ యాంటీబాడీ అయిపోయినట్టే. తర్వాతి కుందేలు ఇచ్చేది మరో యాంటీబాడీల మిశ్రమం. గొట్టం మీద పేరు మాత్రం మారదు.

పోయిన ఆరు నెలలు

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను పనిచేస్తున్న ప్రయోగశాలలో పీహెచ్‌డీకి కొత్తగా చేరిన ఓ విద్యార్థినికి రోజువారీ పని నేర్పే బాధ్యత నాది. ఎండోసైటోసిస్‌లో పాల్గొనే ఒక కైనేజ్ మీద ఫాస్ఫేట్‌ను గుర్తించే యాంటీబాడీ తెప్పించాం. వారాల తరబడి ఎదురుచూశాక, పొడి మంచు పెట్టెలో వచ్చింది. కణాలకు ఒక మందు ఇస్తే పట్టీ నల్లగా పెరిగింది. మందు ఆపితే తగ్గింది. చూడముచ్చటగా ఉంది.

ఒక పరీక్ష చేశాం కూడా. నమూనాకు ఫాస్ఫేట్‌లను కత్తిరించే ఫాస్ఫటేజ్ ఎంజైమ్ కలిపితే పట్టీ మాయమైంది. “చాలు, ముందుకెళ్ళు” అన్నాను. ఆ అమ్మాయి ఆరు నెలలు ముందుకే వెళ్ళింది.

ఆ తర్వాత మరో ఊరి ప్రయోగశాల నుంచి, ఆ కైనేజ్ జన్యువును క్రిస్పర్‌తో పూర్తిగా తీసేసిన కణాలు వచ్చాయి. కైనేజే లేని కణంలో దాని మీద ఫాస్ఫేట్ ఉండే అవకాశం లేదు. పట్టీ రాకూడదు. వచ్చింది, అంతే నల్లగా, అదే చోట. “అక్కా, మనం ఇన్నాళ్ళూ చూసింది దీన్ని కాదు” అంది ఆ అమ్మాయి. ఏడవలేదు, నా మీద విసుక్కోలేదు. నోటుపుస్తకంలో ఆరు నెలల పేజీలను ఒక క్లిప్పుతో బిగించి పక్కన పెట్టింది. ఫెలోషిప్ గడువు మాత్రం ఆ పేజీల కోసం ఆగలేదు.

అబద్ధాలు రెండు రకాలు, ప్రశ్నలు కూడా రెండు కావాలి

నేను చేసిన తప్పేమిటో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. ఫాస్ఫో యాంటీబాడీ పొరబడటానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, సరైన ప్రొటీన్‌నే పట్టుకుంటుంది కానీ ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా పట్టుకుంటుంది. రెండు, ఫాస్ఫేట్‌ను సరిగ్గానే చూస్తుంది కానీ వేరే ప్రొటీన్ మీద చూస్తుంది.

ఫాస్ఫటేజ్ పరీక్ష మొదటి పొరపాటును పట్టుకుంటుంది. రెండోదాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే వేరే ప్రొటీన్ మీది ఫాస్ఫేట్ కూడా ఊడిపోయి పట్టీ మాయమవుతుంది. జన్యువు తీసేసిన కణాల పరీక్ష రెండోదాన్ని పట్టుకుంటుంది. మొదటిదాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ప్రొటీనే లేనప్పుడు ఎలాంటి యాంటీబాడీకైనా పట్టీ రాదు. అందుకే రెండూ చేయాలి. వీలైతే మూడోది కూడా: ఫాస్ఫేట్ తగిలే ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని ఫాస్ఫేట్ తగలని అలనిన్‌గా మార్చి చూడటం. పక్కనే, ఫాస్ఫేట్‌తో సంబంధం లేకుండా మొత్తం ప్రొటీన్ ఎంత ఉందో చూపే మరో యాంటీబాడీ ఉండాలి. లేకపోతే ప్రొటీనే పెరిగిందో, దాని మీది ఫాస్ఫేట్ పెరిగిందో తెలియదు.

ఇవన్నీ నెగ్గినా ఒక జాగ్రత్త మిగులుతుంది. ఫాస్ఫేట్ కనిపించడం వేరు, దాని అర్థం తెలియడం వేరు. మ్యూ2 మీది ఫాస్ఫేట్ ఏపీ2ను పనిలోకి దింపే గుర్తు అని చాలాకాలం అనుకున్నారు. 2019లో వచ్చిన పరిశోధనలు, నెక్యాప్ అనే మరో ప్రొటీన్ సరిగ్గా ఆ ఫాస్ఫేట్ ఉన్న ఏపీ2కే వచ్చి అంటుకుంటుందని చూపాయి. వాటిలో ఒకటి, అలా అంటుకోవడం ఏపీ2ను ఆపివేయడానికే అని వాదించింది. గుర్తు ఒక్కటే, దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. గుర్తును చూపే సాధనమే అనుమానాస్పదమైతే ఇలాంటి చర్చకు నేల ఎక్కడుంటుంది?

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లూక్‌తున్, మరో వందమందికి పైగా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో, పరిశోధక యాంటీబాడీల మీద పెట్టే డబ్బులో దాదాపు సగం వృథా అవుతోందని హెచ్చరించారు. 2023లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం మరింత సూటిగా ఉంది. 65 ప్రొటీన్ల కోసం మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను, జన్యువు తీసేసిన కణాలతో పోల్చి పరీక్షించారు. సగానికి పైగా ఏదో ఒక రకం ప్రయోగంలో విఫలమయ్యాయి. అలా విఫలమైనవాటిని వాడి ప్రచురించిన పత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

అందులోనే ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది. ప్రయోగం రకాన్ని బట్టి 50 నుంచి 75 శాతం ప్రొటీన్లకు కనీసం ఒక్క మంచి యాంటీబాడీ దొరికింది. జన్యు సమాచారం ఆధారంగా, ప్రతిసారీ ఒకేలా తయారుచేసే రీకాంబినెంట్ యాంటీబాడీలు మిగతావాటికంటే బాగా పనిచేశాయి. విఫలమైనవాటిలో సగానికి పైగా తయారీదారులు తిరిగి పరిశీలించారు. చాలావాటి వాడుక సూచనలు మార్చారు, లేదా మార్కెట్ నుంచి తీసేశారు. అంటే మంచి సరుకు ఉంది. ఏది మంచిదో తెలియకపోవడమే ఇబ్బంది. ఫలితాలు బయట పెడితే అమ్మేవాళ్ళు కూడా దిద్దుకుంటారు.

“మాకు అంత స్తోమత ఎక్కడిది?”

ఈ మాట చెప్పినప్పుడల్లా చిన్న విశ్వవిద్యాలయాల్లోని మిత్రులు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. దిగుమతి చేసుకునే చిన్న గొట్టానికే పదివేలల్లో ఖర్చవుతుంది. జన్యువు తీసేసిన కణాలు కొనాలంటే అంతకంటే ఎక్కువ. నిధులు ఆలస్యమైన ఏడాది ఫ్రీజర్ నడవడమే గగనం.

కానీ లెక్కను తిరగేసి చూడండి. డబ్బున్న ప్రయోగశాల ఒక చెడ్డ యాంటీబాడీని పారేసి మరోటి కొనుక్కుంటుంది. లేని ప్రయోగశాల దాన్నే పట్టుకుని ఓ విద్యార్థి ఏడాదిని ఖర్చు పెడుతుంది. పరీక్ష ఎవరికి భారమో, పరీక్ష లేకపోవడం వాళ్ళకే ఇంకా పెద్ద భారం. అందుకే దీన్ని ఒక్కో ప్రయోగశాల నెత్తిన పెట్టకుండా ఉమ్మడి పనిగా చేయాలంటున్నాను.

నా సూచనలు మూడు. మొదటిది, పరిశోధనకు నిధులిచ్చే మన సంస్థలు ప్రతి దరఖాస్తుతో పాటు ఒక పేజీ అడగాలి: ఏ యాంటీబాడీ వాడతారు, అది సరైనదని ఎలా తేలుస్తారు, అందుకు ఎంత డబ్బు కావాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఇలాంటి వివరం అడుగుతోంది. అడిగితే సరిపోదు, ఆ పరీక్షకయ్యే ఖర్చును బడ్జెట్‌లో విడిగా ఇవ్వాలి కూడా. రెండోది, జన్యువు తీసేసిన కణాలను ఒకచోట పెంచి, దేశంలోని ప్రయోగశాలలకు రవాణా ఖర్చుకే పంపే ఉమ్మడి నిల్వ కావాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒకసారి తయారైన కణాలు ఖరగ్‌పూర్‌కూ, శ్రీకాకుళానికీ, సిల్చార్‌కూ పనికొస్తాయి. కణాలు పెరుగుతాయి, పంచితే తరగవు. మూడోది, విఫలమైన పరీక్షలను కూడా బ్యాచ్ నంబరుతో సహా పెట్టే బహిరంగ పట్టిక ఉండాలి. నా ఆరు నెలల పాఠం అలాంటి పట్టికలో ఒక వరుస అయి ఉంటే, అదే గొట్టం కొనబోయే మరొకరు ఆగి ఉండేవారు. మేము ఆ ఫలితాన్ని ఎక్కడా ప్రచురించలేదు. అది మేము చేసిన రెండో తప్పు.

సిగ్నల్ వేరు, పాయింట్ వేరు

మా ఊరివాళ్ళకు ఈ విషయం పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. 2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బహనగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌లో పచ్చ సిగ్నల్ వెలిగింది. పట్టాలు మాత్రం లూప్ లైన్‌కు తిరిగి ఉన్నాయి. అక్కడ గూడ్సు బండి నిలిచి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్లలో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. పట్టాలు నిజంగా ఎటు తిరిగి ఉన్నాయో నిర్ధారించుకున్నాకే సిగ్నల్ పచ్చబడాలన్నది ఇంటర్‌లాకింగ్ ప్రాణసూత్రం. ఆ నిర్ధారణే తప్పిపోయింది.

ప్రయోగశాలలో పోయే ఆరు నెలలను ఆ విషాదంతో పోల్చడానికి నాకు మనసొప్పదు. సూత్రం మాత్రం ఒకటే. వెలుగుతున్న దీపం పట్టాల స్థితిని చెప్పాలి. నల్లబడిన పట్టీ ప్రొటీన్ స్థితిని చెప్పాలి. ఆ లంకె తెగితే దీపం ఎంత బాగా వెలిగినా ప్రయోజనం లేదు. ఈ పట్టీల మీద ఆధారపడే మందుల కంపెనీలు కోట్లు పెడతాయి, రోగులు పరీక్షలకు చేయి చాస్తారు. అంత దూరం వెళ్ళాక లంకె తెగిందని తెలిస్తే నష్టపోయేది ఒక్క నోటుపుస్తకం కాదు.

ఆ విద్యార్థిని తర్వాత వేరే యాంటీబాడీతో, ఈసారి రెండు పరీక్షలూ ముందే చేసుకుని, పీహెచ్‌డీ పూర్తిచేసింది. ఏడాది ఆలస్యమైంది. ఇప్పుడు తన దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే ఫ్రీజర్ తెరిపించి, ప్రతి గొట్టం మీదా పరీక్ష జరిగిన తేదీ ఉందో లేదో రాయిస్తుందట. తేదీ లేనివి విడిగా, ఎర్ర మూత డబ్బాలో పెడతారట.

నాన్న రిటైరై చాలా ఏళ్ళయింది. ఈ సంగతి ఫోన్‌లో చెబితే, “ఆ ఎర్ర డబ్బాలో ఎన్ని తేలాయమ్మా?” అని అడిగారు. మీరు ప్రయోగశాలలో పనిచేస్తుంటే, ఈ వారం మీ ఫ్రీజర్ కూడా ఒకసారి తెరిచి లెక్కపెట్టండి.